హైదరాబాద్ నుంచి విజయవాడ: కారా, విమానమా? గడప నుంచి గడపకు లెక్క

"విజయవాడకా? ఫ్లైట్‌లో గంటేగా!" అనే మాటతోనే చాలామంది లెక్క తప్పుతుంది. టికెట్ మీద రాసిన గంట అబద్ధం కాదు. అందులో రన్‌వే దాకా దొర్లే సమయం పోగా గాల్లో ఉండేది సుమారు ముప్పావు గంటే. ఆ ముప్పావు గంటకు ముందూ వెనకా నేల మీద గడిచే మూడున్నర గంటల సంగతి మాత్రం టికెట్ మీద ఉండదు.

ముందు మ్యాప్ చూడాలి. హైదరాబాద్ నడిబొడ్డు నుంచి విజయవాడకు గీత గీస్తే సుమారు 250 కిలోమీటర్లు. ఎంజీబీఎస్ నుంచి విజయవాడ బస్టాండుకు రోడ్డు మీద 270 నుంచి 275. గీతకూ రోడ్డుకూ తేడా పాతిక కిలోమీటర్లే. 65వ నంబరు జాతీయ రహదారి దాదాపు తాడు పట్టి గీసినట్టు ఆగ్నేయానికి పోతుంది, మధ్యలో ఘాట్ లేదు, పెద్ద చుట్టు లేదు. ఇక విమానాశ్రయాల సంగతి. శంషాబాద్ నగరానికి దక్షిణాన ఉంది. గన్నవరం విజయవాడ దాటాక ఏలూరు రోడ్డులో ఇంకో 20 కిలోమీటర్ల అవతల ఉంది. రెండు రన్‌వేల మధ్య గీత గీస్తే 264 కిలోమీటర్ల దాకా వస్తుంది. అంటే ఊరి నుంచి ఊరికి ఉన్న దూరం కంటే విమానం ఎగరాల్సిన దూరమే ఎక్కువ. పైగా దిగాక 20 కిలోమీటర్లు వెనక్కి రావాలి.

అందుకే ఈ రూటులో ఏది త్వరగా చేరుస్తుందన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. హైదరాబాద్‌లో మీ ఇల్లు ఏ మూల ఉంది, విజయవాడలో మీ పని ఏ వైపు ఉంది అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

మూడు ఇళ్ల లెక్క

వనస్థలిపురం నుంచి విజయవాడ గవర్నర్‌పేటకు వెళ్లాలనుకోండి. విమానమైతే ఇంటి నుంచి పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి 50 నిమిషాలు. విమానాశ్రయంలో 90 నిమిషాలు. విమానం తలుపు మూసినప్పటి నుంచి తెరిచేదాకా 60. దిగి, సామాను తీసుకుని, క్యాబ్ ఎక్కడానికి 25. గన్నవరం నుంచి ఊళ్లోకి 45. అన్నీ కలిపితే 270 నిమిషాలు, నాలుగున్నర గంటలు. అదే కారులో తెల్లవారుజామున బయలుదేరితే సూర్యాపేటలో టిఫిన్‌కు ఆగినా నాలుగున్నర గంటలే. సమయం ఇద్దరికీ ఒకటే. విమానం ఎక్కినాయనకు టికెట్టు, రెండు వైపులా క్యాబులు అదనం. పైగా ఆయన ఆ నాలుగున్నర గంటల్లో ఐదుసార్లు లేచి కూర్చున్నాడు.

గచ్చిబౌలి లెక్క వేరు. నానక్‌రామ్‌గూడలో ఔటర్ ఎక్కితే అరగంట, నలభై నిమిషాల్లో శంషాబాద్. మిగతా అంకెలు అవే కాబట్టి మొత్తం నాలుగుంపావు గంటలు. కారులో అయితే ఔటర్ మీద దక్షిణం వైపు తిరిగి పెద్దఅంబర్‌పేట చేరడానికే 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ముప్పావు గంట పైనే. అక్కడి నుంచి విజయవాడకు ఆగకుండా వెళ్తే నాలుగు గంటలు, ఆగితే ఇంకో పాతిక నిమిషాలు. మొత్తం ఐదుంపావు. ఇక్కడ విమానంతో గంట మిగులుతుంది. ఆ గంట విలువ ఎంతో మీరే కట్టుకోవాలి.

అల్వాల్, కొంపల్లి, బొల్లారం వైపు వాళ్లకు శంషాబాద్ ఊరికి అటు కొసన ఉంటుంది. ఊరు చీల్చుకుని వెళ్లినా, ఔటర్ చుట్టు తిరిగినా గంటుంపావు నుంచి గంటన్నర. విమానంతో మొత్తం ఐదు గంటలు దాటుతుంది, కారుతోనూ అంతే. వీళ్లకు ఈ రెండిటికంటే సికింద్రాబాద్ స్టేషన్ మేలు. కాజీపేట, ఖమ్మం మీదుగా పట్టాల దూరం సుమారు 350 కిలోమీటర్లు ఉన్నా, 2023 జనవరి 15న మొదలైన విశాఖ వందేభారత్ నాలుగు గంటలకు కాస్త అటూఇటూగా విజయవాడ ప్లాట్‌ఫాం మీద దింపుతుంది. ఆ స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంది. చిక్కల్లా టికెట్ దొరకడంలోనే. పండగ సీజన్‌లో రిజర్వేషన్ తెరిచిన రోజే చూసుకోకపోతే వెయిటింగ్ లిస్టే గతి.

పై లెక్కల్లో విమానాశ్రయం లోపలికి 90 నిమిషాలు వేశాం. దాన్ని కుదించొచ్చా? చెక్‌ఇన్ సామాను లేకుండా, వెబ్ చెక్‌ఇన్ చేసుకుని, ఫోన్‌లో ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజియాత్ర యాప్ ఉంటే 75 నిమిషాలకు తేవచ్చు. అంతకు మించి కోసుకోవద్దు. దేశీయ విమానాలకు సామాను తీసుకునే కౌంటరు గంట ముందే మూసేసే సంస్థలున్నాయి. బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. గేటు ముందు నిలబడి విమానం ఇంకా అక్కడే ఉందిగా అని వాదించి లాభం లేదు. సోమవారం ఉదయం, శుక్రవారం సాయంత్రం సెక్యూరిటీ క్యూ పొడుగు చూసుకుని ఇంకో పావుగంట కలుపుకోండి.

రోడ్డు మీద అసలు సమయం ఎక్కడ పోతుంది

వాహనాన్ని 80లో పోనిస్తే 200 కిలోమీటర్లకు రెండున్నర గంటలు, 100లో పోనిస్తే రెండు గంటలు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడిపితే మిగిలేది ఆ అరగంట. అదే ఎల్బీనగర్ నుంచి పెద్దఅంబర్‌పేట దాకా ఉన్న పదిహేను కిలోమీటర్లలో బయలుదేరిన వేళ బాగోకపోతే అంతకంటే ఎక్కువే పోతుంది. పనామా, సుష్మ, ఆటోనగర్, హయత్‌నగర్ అని ప్రతి కూడలికీ ఓ మలుపు, దాటేవాళ్లు, సిటీ బస్సులు, రోడ్డు పక్కన ఆగే ప్రైవేటు బస్సులు. ఉదయం ఐదున్నరలోపు ఎల్బీనగర్ దాటితే ఇరవై నిమిషాల్లో ఔటర్ కింద నుంచి వెళ్లిపోతారు. ఎనిమిదిన్నరకు అదే ముక్కకు ముప్పావు గంట పట్టొచ్చు.

వేళకు బయలుదేరిన కారు నడక ఇలా ఉంటుంది. ఎల్బీనగర్ 5 గంటలకు. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి సూర్యాపేట 6.50కి. ఇది దాదాపు సగం దూరం, టిఫిన్ ఇక్కడే. 7.15కి కదిలితే కోదాడ 7.50, నందిగామ 8.30, గొల్లపూడి 9.10. అక్కడి నుంచి భవానీపురం, 2020 అక్టోబరులో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా బస్టాండు వైపు 9.30కి. వంతెనలు, రోడ్డు వెడల్పు పనులు నడుస్తున్న చోట్ల సర్వీసు రోడ్డులోకి దించుతారు, అలాంటి ప్రతి చోటా ఐదు పది నిమిషాలు వేసుకోండి.

ఇంత పొద్దున్నే బయలుదేరడంలో ఓ ఇబ్బంది కూడా ఉంది. దారి ఆగ్నేయానికి కాబట్టి ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఎండ సరిగ్గా కళ్లలో కొడుతుంది. తిరుగు ప్రయాణంలో సాయంత్రం నాలుగు దాటాక మళ్లీ అదే ఎదురెండ. ముందు అద్దం లోపలి వైపు కూడా తుడుచుకుని బయలుదేరండి. పైకి కనపడని జిడ్డు పొర ఎదురెండలో తెల్లటి తెరలా అడ్డం పడుతుంది. డిసెంబరు, జనవరిలో ఇదే వేళకు నకిరేకల్ అవతల, మళ్లీ నందిగామ పరిసరాల్లో పొగమంచు దిగుతుంది. అలాంటప్పుడు హైబీమ్ వేస్తే మంచు మీద పడి వెలుతురు మీ కళ్లకే తిరిగొస్తుంది. లోబీమ్ వేసుకుని, ఎడమ అంచున ఉన్న తెల్లగీత పట్టుకుని పోవాలి. ఆగాల్సి వస్తే రోడ్డు అంచున వద్దు, పెట్రోల్ బంకులోకో హోటల్ ఆవరణలోకో వెళ్లండి. వెనక లైటు లేకుండా పక్కన ఆపిన లారీని గుద్దితే ఘోరమైన ప్రమాదమే.

అర్ధరాత్రి డ్రైవింగ్ గురించి గట్టిగానే చెప్పాలి. ఖాళీ రోడ్డు, చల్లగా ఉంటుంది, నాలుగు గంటల్లో కొట్టేయొచ్చు అని పనిదినం ముగించుకుని రాత్రి పదకొండుకు బయలుదేరేవాళ్లు ఉన్నారు. రెండు నుంచి ఐదు మధ్య ఒంటికి నిద్ర ముంచుకొచ్చే సమయానికి వాళ్లు కోదాడ, జగ్గయ్యపేట దగ్గర ఉంటారు. తిన్నగా, ఎత్తుపల్లాలు లేకుండా సాగే రోడ్డు జోలపాటే పాడుతుంది. టీ తాగితే దిగని నిద్ర అది. ఆ సమయంలో వెళ్లక తప్పకపోతే బస్సెక్కండి.

టోల్ గేట్లు, పెట్రోలు

ఈ దారిలో నాలుగు టోల్ ప్లాజాలు: చౌటుప్పల్ దగ్గర పంతంగి, నకిరేకల్ దాటాక కొర్లపహాడ్, జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు, నందిగామ తర్వాత కీసర. (మ్యాప్‌లో వట్టి కీసర అని కొడితే హైదరాబాద్ ఔటర్ మీది కీసర చూపిస్తుంది. గుట్ట ఉన్న కీసర వేరు, మున్నేరు ఒడ్డున ఉన్న ఈ కీసర వేరు.) వెళ్లిన 24 గంటల్లోపు తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒక వైపు ఛార్జీకి ఒకటిన్నర రెట్లే పడుతుంది, ఫాస్టాగ్‌లో ఇది దానంతట అదే సర్దుకుంటుంది. పెళ్లికి వెళ్లి మర్నాడు పొద్దున తిరిగొచ్చేవాళ్లు మొదటి గేటు దాటిన గంట గుర్తుపెట్టుకుంటే చాలు.

నెలకు రెండుసార్లు వెళ్లొచ్చేవాళ్లు ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోవడమే నయం. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. 200 సార్లు గేటు దాటేదాకా లేదా ఏడాది, ఏది ముందైతే అది. రానూపోనూ ఎనిమిది గేట్లు కాబట్టి 25 ప్రయాణాలు. సొంత కార్లకే, జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది. ఔటర్ రింగ్ రోడ్డుకు చెల్లదు, అక్కడ డబ్బు మామూలుగానే కోస్తారు.

గేటు దగ్గర ఇబ్బంది వచ్చేది ఎక్కువగా రెండు కారణాలకు. ట్యాగ్‌లో బ్యాలెన్స్ లేక బ్లాక్‌లిస్టులో పడటం ఒకటి. వరసలో నిలబడి రీఛార్జ్ చేస్తే అది గేటు దగ్గరి యంత్రానికి తెలియడానికి కాస్త సమయం పడుతుంది, ఈలోగా వెనక హారన్లు మొదలవుతాయి. రీఛార్జ్ ఇంటి దగ్గరే చేయాలి. రెండోది, కొత్త అద్దం వేయించినప్పుడు పాత ట్యాగ్‌ను పీకి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని చేత్తో చూపించడం. రీడరు దాన్ని పట్టుకోదు. ట్యాగ్ పనిచేయనప్పుడు యూపీఐతో కడితే 1.25 రెట్లు, నగదైతే రెండు రెట్లు అన్న నిబంధన 2025 నవంబరు 15న వచ్చింది.

పెట్రోలు కోదాడలోపే నింపుకోండి. ఆంధ్రప్రదేశ్‌లోకి అడుగుపెట్టాక లీటరు మీద కాస్త ఎక్కువ పడుతుంది. వచ్చేటప్పుడు సరిహద్దు దాటేదాకా సరిపోయేట్టు చూసుకుంటే చాలు. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారుకు 275 కిలోమీటర్లకు పదిహేను లీటర్ల పైన ఖర్చవుతుంది. లీటరు 108 రూపాయల లెక్కన 1,650. ఇదీ, టోలూ కారులో ఒక్కరున్నా నలుగురున్నా ఒకటే. విమానం టికెట్టు మాత్రం తలకొకటి. అందుకే ఇద్దరికి మించితే డబ్బు విషయంలో పోలికే అనవసరం. ఒక్కరే వెళ్తూ, టికెట్టు నెల ముందు చౌకలో దొరికి, గచ్చిబౌలి వైపు ఇల్లున్నవాళ్లకు మాత్రమే విమానం లెక్కకు నిలుస్తుంది. అక్కడ కూడా రెండు వైపులా క్యాబ్ డబ్బులు కలిపాకే టికెట్టు ధర చూడండి.

ఆవకాయ జాడీ ఉంటే

ఇది నవ్వులాట కాదు. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ల సామాను హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్ల సామానులా ఉండదు. ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టిస్తారు. చెక్‌ఇన్ పెట్టెలో పెట్టొచ్చు. మూత మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, జాడీ కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, బట్టల మధ్య నిలువుగా ఉంచండి. మామూలు టికెట్టు మీద చెక్‌ఇన్‌కు 15 కిలోలు, చేతి సామానుకు 7. ఎండుకొబ్బరి మాత్రం వద్దు. నూనె ఎక్కువ కాబట్టి దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది.

ఇంకో మాట. ఈ రూటులో చాలా సర్వీసులు రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ విమానాలు. పైన సామాను పెట్టే అర చిన్నది. పెద్ద విమానంలో హాయిగా పట్టే చక్రాల పెట్టె ఇందులో పట్టకపోవచ్చు, మెట్ల దగ్గరే తీసుకుని కింద వేసి, దిగాక ఇస్తారు. మందులు, ల్యాప్‌టాప్, ఇంటి తాళాలు విడిగా చిన్న సంచిలో ఉంచుకోండి.

బియ్యం బస్తా, మామిడిపళ్ల బుట్ట, మిక్సీ, పసిబిడ్డ ఉయ్యాల, ఇలాంటివి ఉన్న ఇంటికి కారు తప్ప రెండో ఆలోచనే లేదు.

బస్సు సంగతి

ఎంజీబీఎస్ నుంచి విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండుకు ఐదున్నర, ఆరు గంటలు. రెండు ఆర్టీసీలవీ కలిపితే బస్సు కోసం ఎదురుచూడాల్సిన పని దాదాపు ఉండదు. సూపర్ లగ్జరీ, రాజధాని, గరుడ ప్లస్, ఈ-గరుడ, అమరావతి, ఎవరి జేబుకు తగ్గది వాళ్లకు. ఈ బస్సుల్లో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం వర్తించదు.

బస్సు విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఎక్కే చోటు. మియాపూర్, కూకట్‌పల్లిలో ఇంటి దగ్గర ఎక్కితే సుఖమనుకుంటారు. ఆ బస్సు అమీర్‌పేట, లక్డీకాపూల్, ఎంజీబీఎస్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మనుషుల్ని ఎక్కించుకుంటూ ఎల్బీనగర్ చేరడానికి గంటన్నర నుంచి రెండు గంటలు తీసుకుంటుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు 29 కిలోమీటర్ల మెట్రో గంటలోపే తెస్తుంది. అదే బస్సుకు ఎల్బీనగర్ బోర్డింగ్ పాయింటు పెట్టుకుంటే ఇంటి దగ్గర గంట ఆలస్యంగా బయలుదేరొచ్చు. పెట్టె బరువుగా ఉంటే, ముసలివాళ్లుంటే ఈ సలహా మానేయండి. ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగి బస్సు ఆగే చోటు వెతుక్కునేసరికి వాళ్లు అలిసిపోతారు.

రాత్రి స్లీపర్ బస్సు ఈ దూరానికి అంత నప్పదు. పదకొండుకు ఎక్కితే నాలుగున్నరకే దింపేస్తుంది, నిద్ర సగంలో తెగుతుంది. ఎక్కినా, అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి దాని చోట ఉందో లేదో పడుకునే ముందు చూసుకోండి.

సంక్రాంతి, వానలు

జనవరి 10 నుంచి 13 దాకా హైదరాబాద్ నుంచి వెళ్లే వైపు, 16 నుంచి 18 దాకా వచ్చే వైపు పై లెక్కలేవీ పనిచేయవు. పంతంగి దగ్గర ఒక్కో గేటు ఫాస్టాగ్ చదివి పంపడానికి కొన్ని సెకన్లే తీసుకున్నా, ఆ రోజు వచ్చే వాహనాల సంఖ్యకు గేట్లు చాలవు. అందులో బ్లాక్‌లిస్టు ట్యాగ్ ఒక్కటి వచ్చిందా, ఆ వరస మొత్తం ఆగుతుంది. ఐదు గంటల దారికి ఎనిమిది గంటలు పట్టిన సంక్రాంతులున్నాయి. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు వెళ్లేవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి, పిడుగురాళ్ల దారి పట్టడం మేలు. మామూలు రోజుల్లో కూడా గుంటూరుకు విజయవాడ మీదుగా పోవడం కంటే పిడుగురాళ్ల, సత్తెనపల్లి దారి దగ్గర. కాకపోతే నార్కట్‌పల్లి దాకా రోడ్డు అదే, పంతంగి తప్పదు. పంతంగిని రద్దీకి ముందే, తెల్లవారుజామున నాలుగింటికల్లా దాటేలా చూసుకోవాలి.

పండగ రోజుల్లో విమానం టికెట్టు ధర ఎలాగూ కొండెక్కి కూర్చుంటుంది. కానీ సమయానికి చేర్చే పని అది ఒక్కటే చేస్తుంది. అది కూడా పొగమంచు లేకపోతే. గన్నవరంలో జనవరి ఉదయాల్లో మంచు వల్ల విమానాలు దిగలేక గాల్లో చక్కర్లు కొట్టడం, వెనక్కి వెళ్లడం ఏటా జరిగేదే. ఆ రోజుల్లో ఉదయం మొదటి విమానం కంటే పది తర్వాతది తీసుకోండి.

వర్షాకాలం ఇంకో రకం. ఈ దారికి బలహీనమైన చోటు నందిగామ, కీసర మధ్య ఐతవరం దగ్గర మున్నేరు. 2023 జులైలో నీళ్లు రోడ్డెక్కి రాకపోకలు ఆగాయి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు, పాలేరు రెండూ పొంగి రోడ్డు తెగింది. అదే రోజు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది కాబట్టి రైలు కూడా లేదు. అలాంటప్పుడు పోలీసులు వాహనాల్ని మళ్లించేది పైన చెప్పిన నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు దారిలోకే. మళ్లింపు సంగతి కోదాడ చేరాక తెలిస్తే వెనక్కి రావాలి. ఖమ్మం జిల్లాలో రెండు రోజులుగా కుండపోత అని వింటే, నార్కట్‌పల్లి దగ్గర టీకి ఆగి, ముందుకు దారి ఉందో లేదో తేల్చుకున్నాకే కదలండి. మున్నేరు అక్కడి వాననే మోసుకొస్తుంది. నందిగామలో ఎండ కాస్తున్నా ఏరు పొంగొచ్చు.

విజయవాడ అవతలికైతే

గన్నవరం ఊరికి దూరమని ఇంతసేపూ తప్పుపట్టాం. ఏలూరు, హనుమాన్ జంక్షన్, గుడివాడ, నూజివీడు వైపు వెళ్లేవాళ్లకు అదే వరం. విమానం వాళ్లను ఊరి ట్రాఫిక్ దాటించి దింపుతుంది. కారువాళ్లు మాత్రం గొల్లపూడి దాకా వచ్చి, ఊళ్లో నుంచి వెళ్తే బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు, ఎనికేపాడు, నిడమానూరు దాటాలి. సాయంత్రం ఆరింటికి ఆ ముక్కకే ముప్పావు గంట పైన పడుతుంది. గుంటూరు, తెనాలి, మంగళగిరి వాళ్లకు లెక్క తిరగబడుతుంది. గన్నవరంలో దిగి, విజయవాడ అంతా దాటి, కృష్ణ దాటి పోవాలి. వాళ్లు విమానం జోలికి పోకపోవడమే మంచిది.

విదేశాల నుంచో ఢిల్లీ నుంచో వచ్చి శంషాబాద్‌లో మారి గన్నవరం వెళ్లేవాళ్ల విషయం కూడా వేరు. ఎలాగూ విమానాశ్రయంలోనే ఉన్నారు కాబట్టి ఇంటి నుంచి శంషాబాద్ దాకా పోయే గంట వాళ్లకు లేదు. అయితే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా ఎవరూ బాధ్యత తీసుకోరు. సామాను తీసుకుని బయటికొచ్చి మళ్లీ చెక్‌ఇన్ చేయాలి, దానికి కనీసం నాలుగు గంటల ఖాళీ ఉంచుకోండి.

దూరం పెరిగేకొద్దీ విమానం వైపు తూకం మొగ్గుతుంది. విశాఖకు గీత గీస్తే 500 కిలోమీటర్లు, రోడ్డు మీద 620 దాకా, పదకొండు పన్నెండు గంటలు. విమానంతో గడప నుంచి గడపకు ఐదు గంటలు. అక్కడ చర్చే లేదు. బెంగళూరుకు 570 కిలోమీటర్లు. శంషాబాద్ బెంగళూరు దారిలోనే ఉంది, అటు దేవనహళ్లి విమానాశ్రయం హైదరాబాద్ వైపే ఉంది. కాబట్టి విమానాశ్రయాలకు పోయే దారి వృథా కాదు, వెళ్లాల్సిన వైపే సాగుతుంది. అయినా పగలు పాడవకుండా చేర్చే రాత్రి బస్సు అక్కడ గట్టి పోటీనే ఇస్తుంది.

తిరుగు ప్రయాణానికి ఆదివారం సాయంత్రం పెట్టుకునేవాళ్లు ఇది చూసుకోండి. విజయవాడలో మూడింటికి బయలుదేరిన కారు ఏడు, ఏడున్నరకు పెద్దఅంబర్‌పేట చేరుతుంది. సరిగ్గా అప్పుడే ఊళ్లకు వెళ్లినవాళ్లంతా హయత్‌నగర్ ముందు బారులు తీరి ఉంటారు. గచ్చిబౌలి, కూకట్‌పల్లి వాళ్లు అక్కడే ఔటర్ ఎక్కేయాలి, దూరం ఎక్కువైనా సరే. ఊరి మధ్యకు పోవాల్సినవాళ్లు మధ్యాహ్నం పన్నెండుకు ముందే కదలాలి, లేదంటే భోజనం చేసి ఆరు తర్వాత. బస్సులో వచ్చేవాళ్లు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కొచ్చు, చివరి రైలు రాత్రి పదకొండు ప్రాంతంలో. అంటే విజయవాడలో బస్సు సాయంత్రం ఐదుకల్లా కదలాలి.